పదకొండో మంచం బేసిన్

నేను ఒక బేసిన్‌ని. తెల్లటి ఎనామిల్ పూత, అంచు చుట్టూ నీలిరంగు గీత ఉన్న ఆసుపత్రి బేసిన్‌ని. మీలో చాలామంది నన్ను చూసే ఉంటారు కానీ గుర్తుపెట్టుకుని ఉండరు. ఆసుపత్రిలో పడుకుని లేచినవాళ్ళు డాక్టరు గారి పేరు చెప్పుకుంటారు. ఎన్ని సూదులు పొడిచారో, ఎన్ని సీసాలు ఎక్కించారో చెప్పుకుంటారు. రోజూ పొద్దున్నే తమ ఒళ్ళు తుడిచిన నీళ్ళు ఏ గిన్నెలో వచ్చాయో ఎవరికి కావాలి? మా ఆసుపత్రికి కొత్త ఎక్స్‌రే యంత్రం వచ్చిన రోజున దానికి కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దండ వేశారు. నేను వచ్చిన రోజున స్టోరు గుమాస్తా నన్ను వేలితో టంగుమనిపించి, "బాగానే ఉంది" అని లోపలికి తోశాడు. నా ప్రారంభోత్సవం అంతే.

నేను పుట్టింది ఎక్కడో దూరాన ఉన్న ఒక కర్మాగారంలో. మొదట ఇనుప రేకుని. పెద్ద యంత్రం ఒక్క దెబ్బతో నన్ను లోతుగా నొక్కింది. తరవాత గాజుపొడి కలిపిన చిక్కటి ద్రావకంలో ముంచి, ఎర్రగా మండే కొలిమిలో కాల్చారు. మళ్ళీ ముంచి, మళ్ళీ కాల్చారు. చివరికి ఒకావిడ నన్ను చక్రం మీద తిప్పుతూ, కుంచె కదలకుండా పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఆ నీలిగీత గీసింది. గీత రెండు కొసలూ కలిశాక ఆవిడ ఊపిరి వదిలింది. నేను విన్న మొదటి మనిషి ఊపిరి అదే. ఆ తరవాత బతుకంతా మనుషుల ఊపిరి వింటూనే గడిచింది.

నేను చేరిన ఆసుపత్రి సముద్రపు గాలి తగిలే ఒక చిన్న పట్టణంలో ఉంది. నాకు దక్కింది మగవాళ్ళ ఎముకల వార్డు. చెట్ల మీద నుంచి, లారీల మీద నుంచి, మేడల మీద నుంచి పడ్డవాళ్ళంతా అక్కడ చేరేవాళ్ళు. ఆ వార్డుకు పెద్ద ఎస్తేరు సిస్టరు. పొట్టి మనిషి. నలభై ఐదేళ్ళుంటాయి. ఎంత హడావుడిలోనూ పరుగెత్తేది కాదు, అలాగని ఎక్కడికీ ఆలస్యంగానూ వెళ్ళేది కాదు. ఒక మంచం బేసిన్ ఇంకో మంచానికి వెళ్ళకూడదన్నది ఆవిడ నియమం. అందుకని ఎర్ర రంగుతో నా అడుగున పదకొండు అని రాసింది.

ఎస్తేరు సిస్టరుకు ఇంకో పట్టుదల ఉండేది. రోగిని ముట్టుకున్నాక చేతులు కడుక్కోమని ఎవరికీ చెప్పనక్కర్లేదు, మనుషులు తమ ఒంటి గురించి భయపడి వాళ్ళే కడుక్కుంటారు. ముట్టుకోబోయే ముందు కడుక్కోవడమే ఎవరికీ గుర్తుండదు. ఆవిడ దాని గురించి ఎవరితోనూ వాదించేది కాదు. పెద్ద డాక్టర్లు రౌండ్లకు వచ్చే వేళకు కుళాయి పక్కన ఉతికిన తువ్వాలు పట్టుకుని నిలబడేది, అంతే. ఆ తువ్వాలు దాటుకుని చేతులు కడుక్కోకుండా లోపలికి వెళ్ళగల డాక్టరును నేను చూడలేదు.

ఇది కస్తూరి కథ కూడా. నా కథలో చెప్పుకోదగ్గదంతా ఆ అమ్మాయి దగ్గరే మొదలైంది.

కస్తూరికి పంతొమ్మిదేళ్ళు. నర్సింగు మొదటి సంవత్సరం. ఆ పక్క ఊళ్ళలో మగ్గం నేసే ఇంటి పిల్ల. మా అమ్మాయి సూది వేస్తుంది అని తండ్రి ఊరంతా చెప్పుకున్నాడట. తీరా వార్డులోకి వచ్చాక సిస్టరు ఆమె చేతికి సూది ఇవ్వలేదు, నన్ను ఇచ్చింది. మంచం మీద నుంచి లేవలేని రోగికి పడకలోనే స్నానం చేయించమంది. కస్తూరి మొహం మాడిపోయింది. అది ఆయాల పని అని ఆమె లోపల అనుకుంటున్నట్టు నన్ను పట్టుకున్న తీరులోనే తెలిసింది. అంచు కొసను రెండు వేళ్ళతో పట్టుకుంది.

మొదటి రోజు ఆమె పదకొండో మంచం మీదున్న ఒక ముసలాయనకు స్నానం చేయించింది. బల్ల తుడిచినట్టు అయిదు నిమిషాల్లో తుడిచేసి వచ్చింది. ఎస్తేరు సిస్టరు అది చూసింది. ఖాళీగా ఉన్న మంచం చూపించి, "పడుకో అమ్మాయ్" అంది.

కస్తూరి పడుకుంది. సిస్టరు నన్ను తోమి, నాలో నీళ్ళు పట్టి, చల్లటి నీళ్ళే, గుడ్డ పిండకుండానే ఆమె మొహమ్మీద, చేతుల మీద గబగబా రుద్దింది. నీళ్ళు మెడ వెనక్కి కారి దిండు తడిసింది. తుడవకుండానే, "అయిపోయింది, లే" అంది.

కస్తూరి లేచి కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏమనిపించింది?" అంది సిస్టరు.

"నేను మనిషిని కానట్టు అనిపించింది మేడమ్."

"ఆ ముసలాయనకు ఆ మాట చెప్పే ఓపిక కూడా లేదు. వెళ్ళి గోరువెచ్చటి నీళ్ళు పట్టుకురా."

ఆ రోజు సిస్టరు పక్కన నిలబడి నేర్పింది. నీటి వేడి మోచేతితో చూడాలి, వేళ్ళకు తెలియదు. ముందు పేరు పెట్టి పిలవాలి, ఏం చేయబోతున్నామో చెప్పాలి. తెర లాగాలి. కడిగే భాగం మీదే దుప్పటి తీయాలి, తక్కిన ఒళ్ళంతా కప్పే ఉంచాలి. కన్ను లోపలి మూల నుంచి బయటికి తుడవాలి, రెండో కంటికి గుడ్డలో వేరే కొస వాడాలి. మడతల్లో తడి ఉండనివ్వకూడదు. నీళ్ళు చల్లారితే, మురికైతే మార్చాలి. ఇవన్నీ చెప్పి చివర్లో అంది: "స్నానం మురికి పోవడానికే కాదమ్మాయ్. డాక్టరు గారు ఈ మనిషిని రోజుకు రెండు నిమిషాలు చూస్తారు. తల నుంచి కాలి వేళ్ళ దాకా రోజూ చూసేది నువ్వొక్కదానివే. నీ చేతులు కడుగుతుంటే నీ కళ్ళు ఊరికే ఉండకూడదు."

మర్నాటి నుంచి కస్తూరి నన్ను రెండు చేతులతో పట్టుకుంది.

ఆ వారంలోనే ముసలాయన ఇంటికి వెళ్ళాడు, ఆ పదకొండో మంచం మీదికి దాలయ్య వచ్చాడు. ముప్పై ఏళ్ళ కల్లుగీత మనిషి. తాటిచెట్టు మీద నుంచి పడి కుడి తొడ ఎముక విరిగింది. ఆ కాలికి తాడు కట్టి, మంచం చివర కప్పీ మీదుగా బరువు వేలాడదీశారు. అలా ఎనిమిది వారాలు వెల్లకిలా పడి ఉండాలి. రోజుకు ఇరవై చెట్లు ఎక్కి దిగే మనిషికి అది ఎంత నరకమో ఊహించుకోండి. తల మీద వేలాడే కడ్డీ పట్టుకుని నడుము కాస్త పైకి లేపుకోవడం, అతనికి మిగిలిన వ్యాయామం అదే.

మొదటి రోజు అతను కస్తూరిని దగ్గరికి రానివ్వలేదు. "నాకు తానం గీనం ఒద్దమ్మా. ఒగ్గీ. నా ఆడది ఉంది, అదే సూసుకుంటాది" అని గోడ వైపు మొహం తిప్పుకున్నాడు.

అతని భార్య సన్యాసమ్మ మంచం పక్కనే నిలబడి ఉంది. ఆమెకు కడగాలనే ఉంది, కానీ వేలాడే బరువును చూసి ఆ కాలి దగ్గరికి వెళ్ళడానికి జంకుతోంది. కస్తూరి ఒక్క క్షణం ఆలోచించి, "సరే దాలయ్య గారూ, నేను చేతులూ వీపూ కాళ్ళూ తుడుస్తాను. తక్కినది తెర వేసి, గుడ్డ మీకే ఇస్తాను. మీ ఆవిడ సాయం చేస్తారు" అంది. అతను గోడ వైపు నుంచి మొహం ఇటు తిప్పాడు. తరవాత ఎడమ చెయ్యి మెల్లగా చాపాడు. దాలయ్య గారూ అని బహుశా అంతకు ముందు అతన్ని ఎవరూ పిలిచి ఉండరు.

అయిదో రోజున అతను కడ్డీ పట్టుకుని లేచినప్పుడు నడుము కింద, వెన్ను చివరి ఎముక దగ్గర, రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ కనిపించింది. నొప్పి లేదు, పుండు లేదు. సన్యాసమ్మ చూసి, "సెమటకి పేలింది" అంది. కస్తూరి దాని మీద వేలు పెట్టి నొక్కి వదిలింది. సిస్టరు చెప్పింది ఆమెకు గుర్తుంది: తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఇంకా చేతిలో ఉన్నట్టు, తెల్లబడకపోతే లోపల దెబ్బ మొదలైనట్టు. అది తెల్లబడింది. ఆ పూట నుంచి ఆ చోటు కింద బరువు ఆనకుండా దిండ్లు సర్దారు. రెండు గంటలకొకసారి నడుము లేపించడం, దుప్పటిలో మడత లేకుండా లాగడం, ఆ మచ్చ మీద మాత్రం రుద్దకపోవడం. నాలుగు రోజులకు మచ్చ మాయమైంది. దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. రాని పుండు గురించి ఎవరు మాట్లాడతారు? మా వార్డులో జరిగిన గొప్ప పనుల్లో చాలావాటికి ఆనవాళ్ళు లేకపోవడానికి కారణం అదే.

దాలయ్య ఎడమ మోకాలి కింద, పిక్క మీద ఒక నల్లతాడు ఉండేది. పడ్డ మర్నాడు సన్యాసమ్మ అమ్మవారి గుడికి వెళ్ళి తెచ్చి కట్టింది. తాడు కింద చెమట చేరుతుంది కాబట్టి కస్తూరి రోజూ వేలితో దాన్ని పైకెత్తి, కింద తుడిచి, ఆరబెట్టి వదిలేది. ఆమె వేలు దాని కింద సులువుగా దూరేది. ఆ సంగతి ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ పట్టలేదు.

ఇరవై రెండో రోజు పొద్దున్న ఆమె వేలు దూరలేదు.

తాడు చర్మంలోకి దిగి ఉంది. కస్తూరి గుడ్డ నాలో వదిలేసి, చెయ్యి తుడుచుకుని, పిక్క మీద అరచెయ్యి పెట్టింది. తరవాత తొడ మీద పెట్టింది. మళ్ళీ పిక్క మీద పెట్టింది. "ఇక్కడ వెచ్చగా ఉంది. నొప్పిగా ఉందా దాలయ్య గారూ?"

"నిన్న సందేళ కాడ్నించి పిక్క పట్టీసినట్టుందమ్మా. పడుకుని పడుకుని అలగైంది. మా అన్నకి కబురెట్టినాను, నూనె తెస్తాడు."

ముందు ఆ తాడు తీయాలి. సన్యాసమ్మ గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. "అమ్మోరి తాడమ్మా, ఎలా తెంపేది?"

"నేను తెంపను. మీరే తీయండి. తీసి దాచండి, పారేయకండి. తరవాత ఆయన చేతికి కట్టుకోవచ్చు" అంది కస్తూరి. ముడి బిగుసుకుపోయి రాలేదు. సన్యాసమ్మే దణ్ణం పెట్టుకుని కత్తెరతో ముడి పక్కన కత్తిరించి, తాడు కొంగున కట్టుకుంది.

ఎస్తేరు సిస్టరు ఆ పూట వార్డులో లేదు. నర్సింగు స్కూల్లో పరీక్షలు చేయించడానికి వెళ్ళింది. పది గంటలకు డాక్టర్ పురుషోత్తం గారు రౌండ్లకు వచ్చారు. మంచి వైద్యుడు. ఆ రోజు ఆపరేషన్లు వరసగా ఉన్నాయి. మంచం చివర నిలబడి కుడికాలి బరువు చూశారు, కాగితం మీద ఏదో రాశారు. కస్తూరి ఒకడుగు ముందుకు వేసి, "సార్, ఎడమ పిక్క వాచింది" అంది.

ఆయన తలెత్తి రెండు కాళ్ళ వంకా చూశారు. "కట్టులో ఉన్న కాలు సన్నబడిందమ్మా. అందుకని ఇది లావుగా కనిపిస్తోంది" అని పక్క మంచానికి వెళ్ళిపోయారు.

మాట న్యాయంగానే ఉంది. అక్కడున్న స్టాఫ్ నర్సు కూడా, "డాక్టరు గారు చూశారుగా, ఇంకేం" అంది. కస్తూరి ఊరుకుని ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. కానీ ఆమె చూసినది రెండు కాళ్ళ మధ్య తేడా కాదు. నిన్నటి కాలికీ ఈరోజు కాలికీ మధ్య తేడా. ఆ మాట ఆమెకు డాక్టరు గారు వెళ్ళిపోయాక తట్టింది. కాగితంలో వేళ వేసి, "ఎడమ పిక్క వాపు, వెచ్చదనం, నొప్పి, తాడు బిగుసుకుంది, డాక్టరు గారికి చెప్పాను" అని రాసింది. ఆ కాలిని కదపొద్దనీ రుద్దొద్దనీ సన్యాసమ్మకు రెండుసార్లు చెప్పింది.

నాలుగు గంటలకు, చూడవచ్చేవాళ్ళను లోపలికి వదిలే వేళకు, దాలయ్య అన్న పోలయ్య వచ్చాడు. చేతిలో నూనె గిన్నె. దారిలో టీకొట్టు పొయ్యి మీద కాచి పట్టుకొచ్చాడు. వస్తూనే దుప్పటి తొలగించి, తమ్ముడి ఎడమకాలు ఒళ్ళోకి తీసుకోబోయాడు. కస్తూరి వార్డు అవతలి కొస నుంచి వచ్చి మంచానికీ అతనికీ మధ్య నిలబడింది. నేను మంచం పక్క అరలోంచి చూస్తున్నాను.

"ఆ కాలు రుద్దకండి."

"ఏటి?"

"డాక్టరు గారు మళ్ళీ చూసేదాకా ఎవరూ రుద్దకూడదండి."

పోలయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "ఇదేం సదువమ్మా? మా తాత కాడ్నుంచీ పిక్క పట్టీస్తే నూనె రాసే తగ్గించుకున్నాం. మనిసి నొప్పంటా ఉంటే సూస్తా నిల్సోమంటావా? ఎందుకు రుద్దకూడదో సెప్పు."

అక్కడ ఆమె అబద్ధం చెప్పి ఉండొచ్చు. పెద్ద పేరేదో చెప్పి భయపెట్టి ఉండొచ్చు. "నాకు పూర్తిగా తెలీదండి" అంది. "ఒక్క రోజులో ఒక్క కాలే వాచి వెచ్చబడితే రుద్దకూడదని మాత్రం నేర్పారు. ఎందుకో సిస్టరు గారు వచ్చి చెప్తారు. అప్పటిదాకా నన్ను నమ్మండి."

"తెలీనిదాన్ని నమ్మీడమేటి?" అని పోలయ్య నూనెలో చెయ్యి ముంచాడు.

అప్పుడు దాలయ్య నోరు తెరిచాడు. అతను మామూలుగా నాలుగు మాటలకు మించి మాట్లాడేవాడు కాదు.

"అన్నా, నూనె పక్కనెట్టు. ఈ గుంట ఇరవై రోజులై నా ఒళ్ళు కడుగుతున్నాది. నా ఈపు నానెప్పుడైనా సూసుకున్నానేటి? అది సూసింది. పుండు పడకుండా కాసింది. నా ఒళ్ళు నా కంటే దానికే ఎరిక. అది ఒద్దంటే ఒద్దు."

పోలయ్య గిన్నె కింద పెట్టాడు. కోపంగానే పెట్టాడు. కానీ పెట్టాడు.

అరగంటకు ఎస్తేరు సిస్టరు వచ్చింది. కస్తూరి చెప్పేది మొత్తం మధ్యలో అడ్డుకోకుండా వింది. చేతులు కడుక్కుని వచ్చి పిక్కను చూసింది, నొక్కలేదు. "ఆ తాడేదీ?" అని అడిగింది. సన్యాసమ్మ కొంగుముడి విప్పి ఇచ్చింది. ముడి అలాగే ఉంది, పక్కన తెంపిన కొసలున్నాయి. సిస్టరు ఆ తాడును అది ఉన్నచోటే పిక్క చుట్టూ ఆనించి కొసలు కలపబోయింది. కలవలేదు. మధ్యలో వేలి వెడల్పు ఖాళీ మిగిలింది.

"నిన్నటి దాకా దీని కింద నా వేలు దూరేది మేడమ్" అంది కస్తూరి.

సిస్టరు తాడు పట్టుకుని ఆపరేషన్ గది తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. డాక్టరు గారు చేతి తొడుగులు తీస్తూ బయటికి వచ్చేదాకా అక్కడే ఉందట. ఆయన టోపీ కూడా తీయకుండా వచ్చారు. ఈసారి మంచం చివర ఆగలేదు. పక్కన కూర్చుని కాలు మెల్లగా తాకి చూశారు, టేపుతో కొలిచారు, సిస్టరు చూపించిన తాడును చూశారు. తరవాత పోలయ్యను బయటికి పిలవకుండా అక్కడే, అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పారు.

"ఎక్కువ రోజులు కదలకుండా పడుకుంటే కాలి లోపలి రక్తనాళంలో రక్తం గడ్డకడుతుంది. దీంట్లో కట్టినట్టుంది. ఇప్పుడు దీన్ని పిసికితే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పోతే మనిషి నిమిషాల్లో చేజారిపోవచ్చు."

పోలయ్య తన చేతుల వంక చూసుకున్నాడు. వేళ్ళకు నూనె ఇంకా అంటి ఉంది. అతను గోడకు ఆనుకుని నెమ్మదిగా కింద కూర్చున్నాడు.

వెళ్ళబోతూ డాక్టరు గారు కస్తూరి దగ్గర ఆగారు. "పొద్దున్న నేను దూరం నుంచి చూశానమ్మా. నువ్వు దగ్గర నుంచి చూశావు. మళ్ళీ ఎప్పుడైనా నేను అలా వెళ్ళిపోతుంటే ఆపు" అన్నారు. ఆయన పెద్ద మనసు మీద నాకు ఆ రోజు నుంచి గౌరవం కలిగింది. మనుషుల్లో తప్పు ఒప్పుకునేవాళ్ళు తక్కువ. నలుగురిలో, అదీ తమకంటే చిన్నవాళ్ళ దగ్గర ఒప్పుకునేవాళ్ళు ఇంకా తక్కువ.

మర్నాడు పొద్దున్న గిన్నెలు కడిగే గదిలో కస్తూరి నన్ను తోముతుంటే సిస్టరు వచ్చి తలుపు దగ్గరగా వేసింది. అక్కడ వాళ్ళిద్దరూ, నేనూ.

"నిన్న నువ్వు చేసినది నేను చేయలేకపోయానమ్మాయ్" అంది. కస్తూరికి అర్థం కాలేదు.

"నాకప్పుడు నీ వయసే. ప్రసవాల వార్డు. సుభద్ర అని ఒక బాలింత. కాన్పయిన ఆరో రోజు, పిక్క లాగుతోంది సిస్టరూ అంది. పాపం అనిపించింది. వద్దనడానికి నాకు తెలియదు, నాకెవరూ చెప్పలేదు. నేనే కూర్చుని ఒత్తాను. చాలా హాయిగా ఉంది అంది. ఆ మాటే అంది. లేచి ఉయ్యాల వైపు రెండడుగులు వేసి పడిపోయింది." సిస్టరు కుళాయి కట్టేసింది. "ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. తెలియక చేశావన్నారు. అప్పటినుంచి నా దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లకూ మొదటి వారంలోనే ఆ మాట చెప్తున్నాను. నీకూ చెప్పాను. విన్నవాళ్ళున్నారు, రాసుకున్నవాళ్ళున్నారు. నిన్న ఒకళ్ళు నిలబడ్డారు."

కస్తూరి తోముతున్న నన్ను పక్కన పెట్టింది. తడి చేతులతోనే సిస్టరు చెయ్యి పట్టుకుంది. ఇరవై ఐదేళ్ళుగా ఆ పొట్టి మనిషి కుళాయి పక్కన, మంచాల పక్కన, పిల్లల పక్కన ఎందుకు అంత ఓర్పుగా నిలబడుతూ వచ్చిందో నాకు ఆ పొద్దున్న తెలిసింది.

తరవాత మూడు వారాలు దాలయ్యకు రక్తం పలచబడే ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆ మందుతో మరో జాగ్రత్త వచ్చింది, ఎక్కడ చిన్న గాటు పడినా రక్తం ఆగదు. గడ్డం గీయడానికి వచ్చిన మంగలిని కస్తూరి వెనక్కి పంపింది. పళ్ళు తోమడానికి పుల్ల బదులు మెత్తటి గుడ్డ ఇచ్చింది. చిగుళ్ళు, మూత్రం రంగు, ఒంటి మీద కొత్త మచ్చలు రోజూ చూసేది. అన్నిటికంటే ముందు అతని ఊపిరి లెక్కపెట్టేది. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి మామూలుగా పీల్చలేడు. అందుకని మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టే ఉండి, కళ్ళతో ఛాతీని చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టేది.

"అంతసేపు నాడి సూస్తావేటమ్మా, ఆగిపోయిందేటి?" అనేవాడు దాలయ్య.

"మీ నాడి మెల్లగా నడుస్తుందండి, లెక్క తప్పుతోంది" అనేది.

పద్దెనిమిది. పంతొమ్మిది. పద్దెనిమిది. ఆ అంకెలు రాసుకుంటున్నప్పుడు ఆమె మొహంలో కనిపించే నెమ్మదిని మించిన అందం నేను మనుషుల్లో చూడలేదు. వాపు దిగింది. కప్పీ తీశారు. పదో వారంలో దాలయ్య చంకకర్రల మీద నిలబడ్డాడు. మొదటి రోజున కస్తూరి వెంటనే నిలబెట్టలేదు, మంచం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చోబెట్టి, కళ్ళు తిరగడం లేదని చూశాకే లేపింది. నేల మీద నాలోంచి చిందిన నీటి చుక్క ఉంటే వంగి తుడిచి మరీ లేపింది. వెళ్ళే రోజున పోలయ్య వచ్చాడు. కస్తూరి ఎదుట నిలబడి, వంగి ఆమె పాదాలు ముట్టుకోబోయాడు. ఆమె వెనక్కి జరిగి, "మీ తమ్ముడి సంచీ పట్టుకోండి, ఆయన చేతుల్లో కర్రలున్నాయి" అంది.

దాలయ్య మళ్ళీ చెట్టెక్కలేదని, తాటాకు బుట్టలు అల్లుతున్నాడని తరవాత విన్నాను.

కస్తూరి చదువు ముగించి వేరే ఊళ్ళలో పని చేసింది. ఎస్తేరు సిస్టరు ఉద్యోగ విరమణ చేసింది. నేను మాత్రం ఆ పదకొండో మంచం దగ్గరే ఉన్నాను. ఎందరో వచ్చారు, వెళ్ళారు. కొందరు పిల్లలు నన్ను రెండు వేళ్ళతో పట్టుకున్నారు, కొందరు రెండు చేతులతో పట్టుకున్నారు. చాలా ఏళ్ళ తరవాత ఒక పొద్దున్న కళ్ళజోడు, నెరిసిన చెంపలు ఉన్న ఒకావిడ వార్డుకు పెద్దగా వచ్చింది. అరల్లోని సామాను ఒక్కొక్కటే తీసి చూస్తూ నన్ను తీసింది. నన్ను తిప్పి అడుగున చూసింది. చెరిగిపోయిన ఎర్ర అంకెను బొటనవేలితో తడిమింది. కస్తూరే.

ఆవిడ ముఖంలో సంతోషం కనిపించింది. నాకూ ఆశ పుట్టింది, దాచడం ఎందుకు. తరవాత ఆవిడ వేలు నా లోపలి అంచు మీద ఒక చోట ఆగింది. అక్కడ ఎనామిల్ పెచ్చు ఊడింది. గోరంత. కింద ఇనుము తుప్పు పట్టింది.

"దీన్ని కండెమ్ చేయాలి, ఇక వాడకూడదు" అంది.

పక్కనున్న స్టాఫ్ నర్సు, "చిన్న పెచ్చే కదా మేడమ్, ఇంకో ఏడాది వస్తుంది" అంది.

"అక్కడ నీకేం కనబడుతోంది?"

"తుప్పు."

"తుప్పు కాకుండా అక్కడ ఇంకేం దాక్కుని ఉందో నువ్వు చెప్పగలవా? ఎంత తోమినా ఆ సందులోకి మన చెయ్యి వెళ్ళదు. దీంతో ఎవరి పుండు పక్కన తుడుస్తాం?"

స్టాఫ్ నర్సు రిజిస్టరు తెరిచింది. కారణం అన్న గడి దగ్గర కలం ఆపి, "ఏమని రాయమంటారు?" అని అడిగింది.

కస్తూరి నన్ను ఇంకా రెండు చేతులతోనే పట్టుకుని ఉంది. "పూత ఊడింది. రోగికి క్షేమం కాదు" అంది.

ఇప్పుడు నేను ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో, వంగిపోయిన సెలైన్ స్టాండుకూ మూడు కాళ్ళ స్టూలుకూ మధ్య పడి ఉన్నాను. పక్కన అద్దం పగిలిన ఆ ఎక్స్‌రే యంత్రపు పెట్టె కూడా ఉంది. అది తన పాత వైభవం తలచుకుని దిగులు పడుతూ ఉంటుంది కాబోలు. నాకు దిగులు లేదు. ఆవిడ నన్ను చూసి జాలిపడి ఇంకో ఏడాది ఉంచి ఉంటే, నా ముందు నేర్చుకున్నదంతా మరిచిపోయిందని బాధపడేవాణ్ణి. అన్నేళ్ళు పనిచేశాక నా గురించి రాసిన చివరి వాక్యంలో కూడా రోగి ఉన్నాడు. అంతకంటే మంచి వీడ్కోలు ఏ బేసిన్‌కైనా ఎవరు రాయగలరు?